మాతృభాష అనే గడి

బడిలో చేరే ప్రతి పిల్లవాడి పేరు ఎక్కే అడ్మిషన్ రిజిస్టరులో ‘మాతృభాష’ అని ఒక గడి ఉంటుంది. తిరుపతిలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న నేను చాలా ఏళ్లపాటు ఆ గడిని ఎవరినీ అడగకుండానే నింపాను. పేరు చూసి కొందరికి ఉర్దూ అనీ, ఎదుట నిలబడిన తల్లిదండ్రులు నాతో తెలుగులోనే మాట్లాడుతున్నారు కాబట్టి మిగిలిన వారందరికీ తెలుగు అనీ రాసేశాను. అది తప్పని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఆ గడి వైపు నా దృష్టి మళ్లించింది, చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే ఒక కాంప్లెక్స్ సమావేశం. బడులవారీగా ఫలితాల పట్టిక చదువుతున్నప్పుడు మా మూడో తరగతి అట్టడుగున వచ్చింది. ఆ తరగతిలో ఉన్నది 18 మంది కాబట్టి ఒక్క పిల్లవాడు తప్పినా ఉత్తీర్ణత ఐదున్నర శాతం పడిపోతుంది. అంత చిన్న సంఖ్యలకు శాతాలు కట్టి బడులను వరుసలో నిలబెట్టడం ఏం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే నన్ను బాధపెట్టింది పట్టిక కాదు. పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు, “మీ బడికి రకరకాల పిల్లలు వస్తారు కదా, అంతకంటే ఏం వస్తుంది లెండి” అన్నారు. ఓదార్పుగా అన్న మాటే. నేనూ లోలోపల అలాగే అనుకుంటున్నానని ఆ క్షణంలో తెలిసినందుకు సిగ్గేసింది.

ఇంటికి వచ్చి జవాబు పత్రాలన్నీ మళ్లీ చూశాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక అబ్బాయి 52లో నుంచి 23 తీసివేసి 39 అని రాశాడు. ఈ తప్పు ఏ టీచరుకైనా కళ్లు మూసుకుని గుర్తుపట్టగలిగినంత పాతది: పదుల స్థానం నుంచి అప్పు తెచ్చి, ఆ పదిని తగ్గించడం మరిచిపోయాడు. అందుకే ఆ పిల్లవాడికి అప్పు తెచ్చే పద్ధతిని మూడు వారాలు మళ్లీ మళ్లీ చెప్పాను, అయినా మార్పు లేదు. చివరికి అదే లెక్కను నోటితో చేయమంటే, వేళ్లు ముడుచుకుంటూ గొణిగి “ఉన్తీస్” అన్నాడు. అంటే 29. జవాబు సరైనదే, రాతలోనే 39గా మారుతోంది. ఉర్దూలో తీస్ అంటే 30, దానికి ఒకటి తక్కువ ఉన్తీస్; చాలీస్ అంటే 40, దానికి ఒకటి తక్కువ ఉన్తాలీస్. మాటలో ‘తీస్’ వినిపిస్తుంటే పిల్లవాడి చేయి 3తో మొదలుపెడుతోంది. తెలుగులో ఇరవై తొమ్మిది అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు తరువాత వరుసగా పలుకుతాయి, రాసేదీ అదే వరుసలో. తెలుగు పిల్లలకు ఉచితంగా దొరికే ఈ సాయం ఆ అబ్బాయికి లేదు. నేను మాత్రం అతనికి తీసివేత రాదని తీర్మానించి, వచ్చిన విషయాన్నే మూడు వారాలు నేర్పాను.

తెలుగు పత్రాల్లో ఇంకో రకం తప్పులు కనిపించాయి. ‘గాడిద’ను ‘కాడిద’ అని రాసిన ఇద్దరి ఇళ్లలోనూ తమిళం మాట్లాడతారని తరువాత తెలిసింది. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం. అచ్చమైన తమిళ మాటలు ‘గ’ ధ్వనితో మొదలు కావు. ‘నీళ్లు’ను ‘నీల్లు’ అని రాసింది ఉర్దూ ఇంటి పిల్ల. ఆ భాషలో ‘ళ’ లేదు. ఎర్ర సిరాతో సున్నా చుట్టేటప్పుడు ఇవన్నీ అశ్రద్ధే అనుకున్నాను.

మన ప్రాంతంలో ఇది కొత్త సంగతేమీ కాదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అందులో ఎక్కువ భాగం తమిళం, తెలుగు రెండూ మాట్లాడే ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చింది. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి, అంటే నేటి తమిళనాడుకు వెళ్లింది. సరిహద్దు గీత కదిలినంత సులువుగా ఇళ్లలోని మాట కదలదు. ప్రాథమిక స్థాయిలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. 18 మంది పిల్లలకు నాలుగు ఇంటి భాషలున్న గదిలో, ఒక్క టీచరుతో, దాన్ని అక్షరాలా అమలు చేయడం కుదరని పని. మా పాఠ్యపుస్తకంలో ఎదురెదురు పేజీలు తెలుగు, ఇంగ్లిషులకే సరిపోయాయి.

చేయగలిగింది చిన్నదే. గోడకు ఒక సంఖ్యల చార్టు తగిలించి, పిల్లలు ఇంట్లో ఎలా లెక్కపెడతారో వారి నోటనే చెప్పించి రాశాను. ఎరుకల కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి తన అంకెలు చెబుతుంటే, తమిళం మాట్లాడే అమ్మాయి ఆశ్చర్యపోయి తనూ గొంతు కలిపింది. ఆ రెండు భాషలూ దగ్గరి చుట్టాలని నేను చదివి తెలుసుకున్నది ఆ తరువాతే. అప్పటిదాకా నా ఎదుట నోరు విప్పని ఆ అబ్బాయి ఆ అమ్మాయి పక్కకు మారి కూర్చుని పదాల లెక్కలను అడిగి చెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఉన్తీస్ అబ్బాయి ఇప్పుడు రాసే ముందు జవాబును ఒకసారి తెలుగులో అనుకుంటాడు.

అన్నీ భాషతో తేలిపోతాయని చెప్పను. బ్రహ్మోత్సవాల రోజుల్లో తల్లితో కలిసి పూలమ్మడానికి వెళ్లే పిల్లలున్నారు. ఇటుక బట్టీల పని ముగియగానే వెళ్లిపోయే కుటుంబాలున్నాయి. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు బడికే రాని తొమ్మిదేళ్ల పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుంటాం. ఆమెకు ప్రత్యేక శిక్షణ పొందే హక్కూ ఉంది. ఆ శిక్షణ ఇవ్వాల్సింది అప్పటికే రెండు తరగతులు చూస్తున్న టీచరు. ఇలాంటి చోట చార్టులు పనిచేయవు. మనుషులు కావాలి, సమయం కావాలి.

ఈ జూన్‌లో బడి తెరిచాక రిజిస్టరు ముందు కూర్చుని, మొదటిసారి ప్రతి ఒక్కరినీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాను. ఎక్కువ మంది వెంటనే చెప్పారు. ఒక తండ్రి మాత్రం కొడుకు చేయి పట్టుకుని చాలాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, “ఏది రాస్తే పిల్లోడికి మేలో మీరే రాయండి సార్” అన్నాడు. ఏది రాసినా పిల్లవాడికి వచ్చేవి ఏవీ ఆగవని చెప్పాను. అతను నమ్మాడో లేదో గానీ, అప్పుడు చెప్పాడు. ఆ గడిలో ఎరుకల అని రాశాను.