సైకిల్‌తో రైలెక్కనిస్తారా?

ఒక ఊళ్ళో సైకిల్ తొక్కేవాళ్ళకి ఎంత విలువ ఉందో తెలియాలంటే సైకిల్ దారులను చూస్తే చాలదు, సైకిల్ వేసుకుని రైల్వే స్టేషన్‌కి వెళ్ళి చూడాలి. దారులకి రంగు వెయ్యడం పెద్ద పనేం కాదు. రైలెక్కబోయే మనిషి తన సైకిల్‌ని ఏం చేసుకోవాలో ఆలోచించి పెట్టడమే అసలు పని. కిందటి సెప్టెంబరులో నేనూ మా అక్కా నెదర్లాండ్స్‌లో మొదలుపెట్టి జర్మనీలోని హాంబర్గ్ మీదుగా డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ దాకా వెళ్ళాం. ఊరికీ ఊరికీ మధ్య రైలు, ఊళ్ళో అద్దె సైకిల్, వాన పడితే ట్రామో బస్సో. ఇదీ మా పద్ధతి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో సైకిల్ గురించి అందరూ చెప్పేదే కాబట్టి ఎక్కువ చెప్పను. మా అక్క మాటల్లో అయితే, "కార్లని తప్పించుకోవడం వచ్చే నాకు. ఈ సైకిళ్ళు వస్తుంటే చప్పుడే ఉండదు, ఎలాగే?" అక్కడ నాకు నచ్చింది సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి అవతలి ఒడ్డుకి వెళ్ళే పడవ. టికెట్ లేదు, సైకిల్‌కీ లేదు, మనిషికీ లేదు. చాలామంది సైకిల్ మీంచి దిగనైనా దిగరు, ఒక కాలు కింద ఆనించి అలాగే నిలబడతారు. అవతల తలుపు పలక ఒడ్డుకి వాలుతుండగానే పెడల్ మీద కాలు పెట్టేస్తారు. మధ్యలో నడిచివెళ్ళే వాళ్ళుంటే ఓ పక్కకి ఒదిగి ఉండటం మంచిది.

నేను చూడాలనుకున్నది నెదర్లాండ్స్‌లోనే ఉన్న ఇంకో ఊరు, యూట్రెక్ట్. స్టేషన్ కింద 12,500 సైకిళ్ళు పట్టే స్టాండు ఉంది. 2019లో పూర్తిగా తెరిచారు. ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద సైకిల్ స్టాండు లేదని అప్పుడు పేరొచ్చింది. అంకె పెద్దదే కానీ, లోపలికి వెళ్ళాక ఆ సంగతి గుర్తుకు రాదు. ఎందుకంటే దిగి తోసుకుంటూ వెళ్ళక్కర్లేదు. రోడ్డు మీంచి తొక్కుకుంటూ వాలుదారిలోకి వచ్చి, అలాగే తొక్కుకుంటూ మూడు అంతస్తుల్లో ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళొచ్చు. ఏ వరసలో ఎన్ని ఖాళీలున్నాయో పైన వెలిగే అంకెలు చెబుతాయి. సైకిల్ పెట్టేశాక మెట్లెక్కితే స్టేషనే. మొదటి 24 గంటలు డబ్బు కట్టక్కర్లేదు.

స్టాండ్లు రెండు వరసలు, ఒకదాని మీద ఒకటి. పై వరసలో పెట్టడం ఎలాగా అని మేం చూస్తుంటే, కోటూ టై వేసుకున్న ఒకాయన వచ్చాడు. పిడి పట్టి లాగగానే పైనున్న గాడి బయటికొచ్చి కొస నేల దగ్గరికి వాలింది. ముందు చక్రం అందులో పెట్టి, సైకిల్‌ని కొంచెం తోసి, పిడిని ఒక చేత్తో పైకెత్తి లోపలికి నెట్టాడు. స్ప్రింగు బరువంతా మోసింది. తాళం వేసి, బ్యాగు భుజానికి తగిలించుకుని మెట్లెక్కేశాడు. అంత బరువైన డచ్చి సైకిల్‌ని ఎత్తే ఓపిక ఆయనకి ఉండనక్కర్లేదు, నాకూ ఉండనక్కర్లేదు. మా అక్క మాత్రం కింది వరసే వెతుక్కుంది.

ఇంత స్టాండు ఎందుకంటే, అక్కడ సైకిల్‌ని రైల్లోకి ఎక్కించమని ఎవరూ ప్రోత్సహించరు. సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి. మామూలు రోజుల్లో ఉదయం 6:30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6:30 దాకా అసలు ఎక్కించుకోరు. జులై, ఆగస్టుల్లో ఆ ఆంక్ష ఉండదు కానీ మేం వెళ్ళింది సెప్టెంబరు. మడత సైకిల్‌ని మడిచి పట్టుకుంటే మాత్రం ఎప్పుడైనా ఉచితమే. కాబట్టి జనం ఇంటి దగ్గర నుంచి స్టేషన్ దాకా ఒక సైకిల్, అవతల స్టేషన్ నుంచి ఆఫీసు దాకా ఇంకో సైకిల్. ఆ రెండోది సొంతానిది ఒక పాత డొక్కు అవుతుంది, లేదా రైల్వే వాళ్ళే అద్దెకిచ్చే నీలం పసుపు రంగు సైకిల్ అవుతుంది. ఆ అద్దె సైకిల్‌కి సొంత పేరు మీద ప్రయాణ కార్డు కావాలి. మాలాంటి వాళ్ళు చూసి ఊరుకోవాల్సిందే. బయట వాళ్ళని లెక్కలోకి తీసుకోకుండా కట్టిన ఏర్పాటు అది, ఆ ఒక్కటీ నాకు నచ్చలేదు.

ఇదంతా వాళ్ళకి పుట్టుకతో వచ్చిందనుకుంటే పొరపాటు. ఆ స్టేషన్ పక్కన ఉన్న పాత కాలవని 1970ల్లో పూడ్చి కార్ల కోసం వెడల్పాటి రోడ్డు వేశారు. ఆ రోడ్డు తవ్వి మళ్ళీ నీళ్ళు వదిలింది 2020లో. 1971లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా పోయారు, వాళ్ళలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. "పిల్లల్ని చంపడం ఆపండి" అంటూ తల్లిదండ్రులు రోడ్ల మీదికి వచ్చారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపాల్సి వచ్చింది. అక్కణ్ణించి తిరిగింది కథ.

రైలూ ట్రామూ బస్సూ అన్నిటికీ మన బ్యాంకు కార్డే చాలు, ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తాకించాలి. 2023 నుంచి దేశమంతా ఇదే. దిగేటప్పుడు తాకించకపోతే డబ్బు ఎక్కువ పోతుంది. మా అక్క టెన్షనంతా దాని మీదే. ట్రామ్ దిగిన ప్రతిసారీ, "బీప్ వచ్చిందా? నాకు వినపడలేదే!"

హాంబర్గ్‌లో ఆ బాధ లేదు. గేట్లుండవు, టికెట్ కొనుక్కుని నేరుగా వెళ్ళిపోవడమే. తనిఖీ వాళ్ళు పట్టుకుంటే మాత్రం 60 యూరోల జరిమానా. ఆ ఊళ్ళో మేం సైకిళ్ళతో వెళ్ళింది ఎల్బే నది కింద 1911లో తెరిచిన సొరంగంలోకి. రేవు దగ్గర గుమ్మటం కింద సైకిళ్ళ కోసం పెద్ద పెద్ద లిఫ్టులున్నాయి. ఒకప్పుడు గుర్రబ్బండ్లూ కార్లూ దిగినవి అవే. దాదాపు 24 మీటర్ల కిందికి దిగి, 426 మీటర్లు తొక్కి, మళ్ళీ లిఫ్టులో అవతల తేలతాం. గోడలంతా తెల్లటి పలకలు, వాటి మీద అక్కడక్కడా చేపలూ పీతలూ చెక్కిన బొమ్మలు. బెల్లు కొడితే గోడల మీంచి మోగుతూనే ఉంటుంది. డబ్బు అడిగేవాళ్ళు లేరు. నూరేళ్ళ కిందట రేవులో కూలీలు పనికి వెళ్ళడానికి కట్టినది ఇప్పటికీ పనికి వెళ్ళేవాళ్ళకే ఉపయోగపడుతోంది. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది.

అక్కణ్ణించి కోపెన్‌హాగెన్‌కి రైలు. ఈ దారిలో రైలు మొత్తంగా పడవెక్కి సముద్రం దాటేది ఒకప్పుడు, 2019 డిసెంబరులో ఆపేశారు. ఇప్పుడు చుట్టూ తిరిగి వంతెన మీద వెళుతుంది. ఆ పడవ ఎక్కలేకపోయామని నాకు కాస్త వెలితి.

కోపెన్‌హాగెన్‌లో తొక్కడానికి కొన్ని పద్ధతులు తెలియాలి. ఆగబోయే ముందు చెయ్యెత్తాలి. ఎడమకి తిరగాలంటే నేరుగా తిరగకూడదు, ముందు అవతలి మూలకి వెళ్ళి ఆగి, పచ్చలైటు పడ్డాక తిరగాలి. నోర్రెబ్రోగేడ్ అనే వీధిలో గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళితే పొద్దున్న ఊళ్ళోకి వచ్చేవాళ్ళకి వరసగా పచ్చలైట్లే పడతాయి. మా అక్క వేగానికి అన్నీ ఎర్రలైట్లే పడ్డాయి, అది వేరే విషయం.

రైలు సంగతికొస్తే ఇక్కడ డచ్చి వాళ్ళకి పూర్తిగా తిరగేసి. ఊరి లోకల్ రైళ్ళలో 2010 నుంచి సైకిల్ ఉచితం. మేం ఒకరోజు సముద్రం ఒడ్డునే క్లాంపెన్‌బోర్గ్ దాకా తొక్కి, కార్లు రానివ్వని జింకల వనంలో తిరిగాం. తిరుగుదారిలో మొహం మీదికి ఎదురుగాలి. ఎంత తొక్కినా బండి కదలదు. సరే పదమని స్టేషన్‌కి వెళ్ళి సైకిళ్ళతో సహా రైలెక్కేశాం. పెద్ద సైకిల్ బొమ్మ వేసిన బోగీ, గోడ వెంబడి చక్రాలు పెట్టే స్టాండ్లు. ఎక్కినప్పుడు ఖాళీగానే ఉంది. స్టేషన్లు గడిచేకొద్దీ సైకిళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి, చివరికి హ్యాండిల్‌కి హ్యాండిల్ ఇరుక్కుని, కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాల్సి వచ్చింది.

"చూశావా అక్కా, అందరూ ఇలా ఎక్కిస్తే మనుషులకి చోటేదీ? యూట్రెక్ట్ వాళ్ళదే సరైన లెక్క."

"ఆ స్టాండు ఇక్కడికి నడిచొచ్చి నన్ను ఎదురుగాలిలోంచి లాగుతుందా?"

నోర్రెపోర్ట్ స్టేషన్‌లో రద్దీ వేళ సైకిల్‌తో ఎక్కనివ్వరు, దిగనివ్వరు. అప్పుడు సాయంత్రం నాలుగు దాటింది. అందుకని దానికి ముందున్న ఊస్టర్‌పోర్ట్‌లోనే దిగి, మిగతా దూరం వాదించుకుంటూ తొక్కాం.