జులై రెండు

"మీరు ఆ పిల్లాడి దగ్గర్నుంచి రెండు రోజులు లాగేసుకున్నారు" అంది మా క్లాసు టీచర్ కారిడార్‌లో, నవ్వుతూనే. నవ్వకుండా అన్నా బాగుండేది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. బందరులో పన్నెండేళ్లు సోషల్ చెప్పి వచ్చినదాన్ని, ఇక్కడ న్యూజెర్సీలో ఆవిడ క్లాసులో గంటల లెక్కన జీతం తీసుకుని టీచరుకి సాయం చేసే ఎయిడ్‌ని. సరేనని తలూపి, వెళ్లి పెన్సిళ్లు చెక్కుతూ కూర్చున్నాను.

జరిగింది ఇదీ. ఐదో తరగతి పిల్లలు మూడు వారాలుగా ఒక్క ప్రశ్నే పట్టుకుని ఉన్నారు: ఇంగ్లండు రాజు కింద ఉన్న పదమూడు కాలనీలు అమెరికా అనే ఒక దేశం ఎలా అయ్యాయి? ఒక్కో గుంపుకి ఒక కాగితాల కట్ట ఇచ్చారు. పాత ఉత్తరాలు, పత్రికల నకళ్లు, బొమ్మలు. తెలుసుకున్నది చిన్న కార్డు మీద రాయాలి, ఎక్కడ దొరికిందో దాని కిందే రాయాలి. చదవడంలో కాస్త వెనకబడిన ఒక పిల్లాడి పక్కన నన్ను వేశారు. వాడికి స్వాతంత్ర్యం కోసం వాదించిన నాయకుల్లో ఒకడైన జాన్ ఆడమ్స్ 1776 జులై 3న భార్యకి రాసిన ఉత్తరం వచ్చింది. రాబోయే తరాలు జులై రెండో తేదీని పెద్ద పండగలా చేసుకుంటాయని అందులో ఉంది. వాడు ఉత్తరం రెండుసార్లు చదివి, "ఈయన తేదీ తప్పు రాశాడు!" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నేను ఊరుకోవచ్చుగా. ఇంగ్లండు నుంచి విడిపోదామని ఓటేసింది రెండున, స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది నాలుగున, అందుకే పండగ నాలుగున అని చెప్పేశాను. వాడు బుద్ధిగా రాసుకుని, కార్డు పక్కన పెట్టేసి, కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఉత్తరం వాడికి కావాలనే ఇచ్చిందట ఆవిడ, రెండు రోజులు వాడే వెతుక్కోవాలని.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "జీతం ఇస్తున్నారుగా, ఊరుకో" అని మళ్లీ ల్యాప్‌టాప్‌లో తల దూర్చారు. నేను మాత్రం అంట్లు తోముతూ ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను. ఏమ్మా, నీ క్లాసులో ఇరవై రెండు మంది. నా క్లాసులో అరవై. ఫిబ్రవరికల్లా పోర్షన్ అయిపోవాలి, ఆపైన రివిజన్, బిట్ పేపర్లు. శాశ్వత శిస్తు విధానం ఎవరు, ఎప్పుడు? కారన్‌వాలీస్, 1793. మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లు. నీ పిల్లల్ని స్టాంపు పన్ను ముందా, బోస్టన్‌లో టీ పారబోసింది ముందా అని అడుగు చూద్దాం. 1765కీ 1773కీ తేడా తెలీదు ఒక్కడికీ.

అయినా వాళ్లది అన్నదమ్ముల పంపకాల తగాదా లాంటిది. పాలించేవాళ్లదీ పాలితులదీ చాలావరకు ఒకటే భాష, ఒకటే దేవుడు. తగాదా పడ్డ నేలలో ఈ న్యూజెర్సీ అసలు లెనాపే అనే ఆదివాసులదని చెప్పే కాగితాలు కూడా కట్టలో ఉన్నాయి, కాదనను. మనది అలా కాదు కదా, మన కథకి అంత తీరిక ఎక్కడిది అని సమర్థించుకున్నాను. ఇంతా చేసి, బందరు కోట శిథిలాలు ఊళ్లోనే పెట్టుకుని పన్నెండేళ్లలో ఒక్క బ్యాచినీ తీసుకెళ్లలేదు నేను. కారణం అదే, పోర్షన్.

మర్నాడు వాదనల రోజు. ఒక అమ్మాయికి విలియం ఫ్రాంక్లిన్ పాత్ర పడింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ సొంత కొడుకు, న్యూజెర్సీకి రాజు పెట్టిన చివరి గవర్నరు. తండ్రి స్వాతంత్ర్యం వైపు, కొడుకు రాజు వైపు. 1776లో కొడుకుని అరెస్టు చేశారు, వాళ్ల మనసులు మళ్లీ కలవలేదు. ఆ పిల్ల లేచి, "మా నాన్నకి కోపం వచ్చిందని నేను ఇచ్చిన మాట తప్పాలా?" అంది. క్లాసంతా కిక్కురుమనలేదు. మా ఊళ్లో ఒక పిల్లని నిలబెట్టి తెల్లదొర తరఫున మాట్లాడమంటే, సాయంత్రానికి వాళ్ల నాన్న హెడ్మాస్టరు గదిలో ఉంటాడు. నాకూ చేతకాదు ఆ పని. అసూయగా ఉండింది, దాచుకోవడం ఎందుకు.

వారం తర్వాత నా పక్క పిల్లాడు కాగితాల్లో యార్క్‌టౌన్ యుద్ధం దాకా చేరాడు, 1781. ఓడిపోయిన ఇంగ్లీషు సేనాని, మన శిస్తు కారన్‌వాలీసే, ఒంట్లో బాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు. మా వాడికి అది భలే నచ్చింది. వాడూ లెక్కల పరీక్ష రోజు అంతేనట. "మరి తర్వాత ఈయన ఏమయ్యాడు?" అన్నాడు.

జవాబు నాలుక చివర ఉంది. ఎదురుగా ఆవిడ చూస్తోంది. "వెతుకు" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో టీచర్లకే తెలుస్తుంది.

రెండు రోజులకి కార్డు తెచ్చాడు. "ఓడిపోయాడు. ఐదేళ్ల తర్వాత ఇండియాలో ఇంకా పెద్ద ఉద్యోగం ఇచ్చారు. ఎందుకు?" అని ఉంది. ఆ ఎందుకు అనేది నా బిట్ పేపర్లలో ఎప్పుడూ రాలేదు. "మీ ఊరికి వచ్చాడా?" అని వాడే అడిగాడు.

ఇక ఆగలేకపోయాను. ఆయన రాలేదు, ఆయన పెట్టిన శిస్తు వచ్చింది అన్నాను. 1802లో మా సర్కారు జిల్లాలకి వచ్చింది, 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చేదాకా మా వాళ్లు జమీందారుకే కట్టారు. పైరు ఎండినా శిస్తు ఎండదు అనేవాడు మా తాతయ్య, అరుగు మీద చుట్ట కాలుస్తూ.

వాడు ఇంకో కార్డు తీసి పైరు సంగతి రాశాడు. కింద గీత గీసి ఆగాడు.

"ఇది ఎక్కడ దొరికిందని రాయాలి?"

"మా తాతయ్య దగ్గర."

"తాతయ్య స్పెల్లింగ్ చెప్పండి."