అదే ప్రాసెస్ మ్యాప్, వేరే ఆఫీసు

ఆఫీసులో పని ఏ అంచె నుంచి ఏ అంచెకి వెళ్తుందో పరిశీలించే ప్రాసెస్ అనలిస్టు అంటే, ఆ దారి చూపే బొమ్మలు (ప్రాసెస్ మ్యాపులు) గీసేవాడని చాలామంది అనుకుంటారు. బొమ్మ గీయడం పెద్ద పనేం కాదు. ఆ బొమ్మల్లో వాడే గుర్తులకి బీపీఎంఎన్ 2.0 అనే ప్రమాణం 2011లోనే వచ్చింది. అందులో దారి చీలే చోట పెట్టే డైమండ్ గుర్తుకి ఏ ఆఫీసులోనైనా ఒకటే అర్థం. తేడా అంతా ఆఫీసుల్లోనే ఉంటుంది.

కొనుగోళ్లనే తీసుకోండి. చిన్న సంస్థలో యజమాని ఫోన్లో "సరే, తెప్పించెయ్" అంటే అయిపోయినట్టే. అక్కడ ఐదంచెల అప్రూవల్‌తో కంప్యూటర్లో వర్క్‌ఫ్లో పెట్టారనుకోండి, జనం ముందు ఫోన్ చేసి పని కానిచ్చేస్తారు. నెలాఖరున కూర్చుని వరసపెట్టి బటన్లు నొక్కుతారు. ఏది ఎప్పుడు జరిగిందో చూపే లాగ్ తెరిస్తే ఇట్టే దొరికిపోతుంది: సరుకు ముందే దిగి ఉంటుంది, పర్చేజ్ ఆర్డర్ ఆ తర్వాతి తేదీతో ఉంటుంది. దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అంటారు. నిర్ణయించేది ఒక్కరే అయినప్పుడు ఐదంచెలు ఎవరి కోసమని నేనడుగుతాను.

పెద్ద సంస్థలో తంటా వేరు. పర్చేజ్ వాళ్లకి ధర తగ్గిస్తే మార్కులు, స్టోర్స్ వాళ్లకి నిల్వ తగ్గిస్తే మార్కులు, అకౌంట్స్ వాళ్లకి తప్పు చెల్లింపు జరక్కపోతే చాలు. ఇండెంట్ (సరుకు కావాలన్న అభ్యర్థన) నుంచి చెల్లింపు దాకా మొత్తం ఎన్ని రోజులు పట్టిందన్నది ఎవరి లెక్కలోనూ ఉండదు. అందుకని మొత్తం పనికి బాధ్యుడిగా ఒక "ప్రాసెస్ ఓనర్"ని నియమిస్తారు. బడ్జెట్టూ మనుషులూ మాత్రం డిపార్ట్‌మెంట్ హెడ్‌ల దగ్గరే ఉంటాయి. పాపం, ఆయన పని రిమైండర్ మెయిళ్లు పంపడం.

ట్రైనింగుల్లో తరచూ వినిపించే ఫోర్డ్ కథ ఉంది కదా, 1990లో మేనేజ్‌మెంట్ నిపుణుడు మైకేల్ హ్యామర్ రాసింది. బిల్లుల చెల్లింపు విభాగంలో ఫోర్డ్‌కి 500 మందికి పైగా, జపాన్ కార్ల కంపెనీ మాజ్దాకి ఐదుగురు. ఫోర్డ్ ఇన్‌వాయిస్‌నే తీసేసి, 14 వివరాలు సరిపోల్చే చోట మూడింటితో సరిపెట్టి, సిబ్బందిని 75 శాతం తగ్గించుకుంది. చెప్పేవాళ్లు ఈ అంకెల దగ్గరే ఆగిపోతారు. నాకు అసలు సంగతి సరుకు దింపుకునే చోట కనిపిస్తుంది. అక్కడి గుమాస్తా కంప్యూటర్లో ఆర్డర్ చూసి, సరిపోతే తీసుకుంటాడు, లేకపోతే వెనక్కి పంపేస్తాడు. అతని ఎంట్రీ మీదే డబ్బు కదులుతుంది. స్టోర్స్ గుమాస్తా మాట మీద చెల్లించడానికి ఒప్పుకోని సంస్థ అదే సాఫ్ట్‌వేర్ కొన్నా, ఇన్‌వాయిస్ పాత దారిలోనే సంతకాల కోసం తిరుగుతుంది.

పరిశోధకులకీ ఇది కొత్త కాదు. 2014లో ఫామ్ బ్రోకే అనే పరిశోధకుడి బృందం మంచి బీపీఎంకి (బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్‌కి) పది సూత్రాలు చెప్పినప్పుడు, సందర్భాన్ని ఎరిగి నడుచుకోవడాన్ని వాటిలో ఒకటిగా పెట్టింది. రోజూ ఒకేలా నడిచే బిల్లుల పనికి పనికొచ్చిన బిగింపు, కొత్త డిజైన్లు చేసే టీమ్‌కి ఊపిరాడనివ్వదు.

అందుకే ప్రాసెస్ సాఫ్ట్‌వేర్ డెమోకి ముందే ఒకటి అడుగుతుంటాను: ఇది అమలైతే ఎవరి సంతకం అక్కర్లేకుండా పోతుంది? పేరు చెప్తే ముందుకెళ్తాం. "సంతకాలన్నీ ఉండాలి, స్పీడు మాత్రం పెరగాలి" అంటే, లైసెన్సులు కొనడం కొన్నాళ్లు ఆపమంటాను.