రిమాండ్‌లో తాగుడు ఆపడం, రక్త పరీక్షలు – నా అనుభవం

మాది అనంతపురం పక్కన పల్లె. కర్ణాటక మందు ప్యాకెట్లు తెస్తా దొరికిపోయినా, కేసు రాసి కడప మహిళా జైలుకు పంపిచ్చిరి. అప్పటికి ఆరేండ్లుగా రోజూ తాగుతాండా, లోపలికి పోయేటప్పుడు అలవాట్లు ఏమన్నా ఉన్నాయా అని అడిగితే సిగ్గుపడి లేవని చెప్పినా. దయచేసి ఎవరూ అట్ల చెప్పొద్దండి.

రెండోనాటి రాత్రి నీళ్ల గ్లాసు ఎత్తితే పండ్లకు టకటకా కొట్టుకుంటాండాది, ఒళ్లంతా చెమట, గోడంతా చీమలు పాకినట్ల కనిపిచ్చింది, పక్కనున్న అక్క అరిచి పిలవకుంటే ఏమయ్యుండునో. రోజూ తాగేటోళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలీదు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ వేసి, మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తా ఇచ్చినారు.

తేరుకున్నాక నర్సమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది, "మందు కోసం ఎవరి దగ్గరికన్నా పోవాల్సొచ్చిందామ్మా, నిరోధ్ వాడినారా" అని. బయట ఒక ఆస్పత్రిలో తెల్లబట్ట అవుతాందని పోతే నా మొగం కూడా చూడకుండా చీటీ రాసిచ్చిరి, ఈమె అట్ల అడిగేసరికి ఏడుపొచ్చి అంతా చెప్పేసినా. మందు పోసేవాడు రమ్మంటే కాదనలేని రోజులు, మత్తులో ఏం జరిగిందో గుర్తే లేని రోజులు.

సంతకం పెట్టినాకనే హెచ్ఐవీ టెస్ట్ చేసినారు, మనం ఒప్పుకోకుండా చేయగూడదని 2017లో చట్టమే వచ్చిందంట. అది నెగిటివ్, అయినా 3 నెలలకు మళ్లీ చేయించుకోమన్నారు. సిఫిలిస్ అని, కలయిక వల్ల అంటుకునే సుఖవ్యాధి, అది పాజిటివ్ వచ్చింది. ఒంటిమీద పుండు లేదు, మచ్చ లేదు, టెస్ట్ చేయకుంటే ఎప్పటికీ తెలిసేది కాదు. వారానికొకటి 3 పెన్సిలిన్ సూదులు, ముందు చేతికి కొంచెం వేసి అరగంట చూసి తర్వాత తుంటికి వేస్తారు, చిక్కటి మందు, రెండ్రోజులు కుంటుకుంటా నడిచినా.

ఆడోళ్లకు ఆదాయం ఎంతున్నా లాయర్‌ను ఫ్రీగా ఇస్తారు, ఆ లాయరమ్మే బెయిల్ తెచ్చింది. బయటికొచ్చిన మొదటి వారం నరకం, పాత మనుషులు ఇంటికే వచ్చిరి. తాగుడు, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి ఆ రాత్రులు గడిపినా. మా ఆయన్ను కూడా బతిమాలి టెస్టుకు పిల్చుకొని పోయినా, ఆయనకూ సూదులు పడినాయి.

మొన్న మళ్లీ రక్తం ఇస్తే, సిఫిలిస్ ఎంతుందో చూపే లెక్క 1:32 ఉండింది 1:4కు దిగింది, అంటే తగ్గుతాందన్నమాట. ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచుకున్నా.