దుఃఖానికి కౌన్సెలింగ్ కోసం వెళ్లినప్పుడు నా అనుభవం

మా వారు గుండెపోటుతో పోయారు. సంవత్సరీకాలు కూడా అయిపోయాక, ఇంకా నిద్ర పట్టడం లేదని చెబితే వినేవారు కరువయ్యారు. పరామర్శకు వచ్చినవారంతా పిల్లల కోసం గుండె దిటవు చేసుకోమన్నవారే.

14416కు ఫోన్ చేయడం తేలికే. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. వారు ఓపికగా విని, మానసిక వైద్యుణ్ణి కలవమన్నారు.

అసలు అవమానం ఆసుపత్రిలో ఎదురైంది. ఓపీ చీటీ రాసే ఉద్యోగి "పిచ్చి డాక్టరుకా అమ్మా?" అని వరుసలో ఉన్నవారందరికీ వినబడేలా అడిగాడు. లోపల డాక్టరుగారు నా ముఖమైనా చూడకుండా, తోడుగా వచ్చిన మా మరిదిని "ఈవిడ తింటోందా, పడుకుంటోందా?" అని అడిగారు. తలుపు దగ్గర తరువాతి నంబర్లవాళ్లు తొంగి చూస్తుండగా, మా మరిది "తింటోంది సార్, ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టమంటేనే మా వదినకు ఎక్కడలేని కోపం వస్తోంది" అన్నాడు. డాక్టరుగారు ఆ కోపాన్ని చీటీలో రాసుకుని, నిద్రమాత్రలు రాసి పంపించారు. నా భర్త పోయిన సంగతి ఆ చీటీలో ఎక్కడా లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఆ గదిలో ఉన్నవారెవరూ దానిని చదివినట్లు లేదు. మీరు వెళితే మాత్రం "వీరిని బయట కూర్చోబెట్టండి" అని మొదటి మాటగా చెప్పండి. మీ సంతకంతో అవసరమున్న బంధువును అసలు తోడు తీసుకువెళ్లకండి.

తరువాత నేను ఒక్కదాన్నే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్లాను. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు గనుక, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉందో లేదో ముందే అడిగాను. ఆవిడ నొచ్చుకోకుండా చూపించారు. ఆరు నెలలు దాటినా తగ్గకుండా, రోజువారీ పనులను సాగనివ్వని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ప్రత్యేకంగా గుర్తించిందనీ, అది పిచ్చి కాదనీ వివరించారు. మా వారు పోయిన ఆ రాత్రి జరిగినదంతా నా చేతనే మళ్లీ మళ్లీ చెప్పించారు. మొదట్లో మాట పెగల్లేదు. పోనుపోను అంబులెన్సు వచ్చిన ఘట్టం దాటి కూడా చెప్పగలిగాను. ఇప్పుడు రాత్రిళ్లు కొంత నిద్ర పడుతోంది.

సంతకం ఇంకా పెట్టలేదు. కాగితాలు లాయరుగారికి ఇచ్చాను. ఇప్పుడు కోపం మా మరిదికి వస్తోంది.