ముప్పై దాటితే అలాంటి సంఖ్య ఇంకొకటి లేదు

మా శ్రీకాకుళం జిల్లా బండ్ల నంబరు ఏపీ 30, పక్కనున్న విజయనగరానిది 35. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ తెచ్చాక కొత్త బండ్ల మీద 30 కనబడటం మానేసింది గానీ పాత స్కూటర్ల మీద ఇంకా చూస్తూనే ఉంటాం. నాకు మాత్రం ఆ మూడు సంఖ్యల్లో 30 మీదే ప్రేమ, అది సొంత ఊరి నంబరని మాత్రమే కాదు.

39ని భాగించే చిన్న సంఖ్యలు 1, 3, 13. కలిపితే 17, అంతే. 35కైతే 13 దగ్గరే ఆగిపోతుంది. అదే 30కి 1, 2, 3, 5, 6, 10, 15 ఉన్నాయి, మొత్తం 42, అంటే తనకంటే ఎక్కువ. ఇలాంటివాటిని అబండెంట్ నంబర్లు అంటారు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పళ్ల బండి మీద బత్తాయిల్ని అడుగున నాలుగు వరసలు నాలుగేసి, దాని మీద మూడేసి, రెండేసి, చివర ఒకటి పేరిస్తే 16, 9, 4, 1 కలిపి సరిగ్గా 30 అవుతాయి. భుజాలు 5, 12, 13 ఉన్న లంబకోణ త్రిభుజం తీసుకోండి, చుట్టుకొలతా 30, వైశాల్యమూ 30. భుజాలు పూర్ణసంఖ్యలై ఈ రెండూ సమానమయ్యే లంబకోణ త్రిభుజాలు మొత్తం రెండే, రెండోది 6, 8, 10.

ఇవన్నీ బాగానే ఉన్నాయి, కానీ అసలు విశేషం వేరే ఉంది. 30 కంటే చిన్నవై, 1 తప్ప దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు రాయండి: 1, 7, 11, 13, 17, 19, 23, 29. ఒకటిని పక్కన పెడితే అన్నీ ప్రధాన సంఖ్యలే! 8, 12, 18, 24లకు కూడా ఇలాగే వస్తుంది, కానీ 30 తర్వాత ఇంకే సంఖ్యకూ రాదు.

ఎందుకు రాదో పదో తరగతి పిల్లలకి కూడా చెప్పొచ్చు. 30 దాటిన ఏ సంఖ్యకైనా 4, 9, 25 చిన్నవే కదా, అవి ప్రధాన సంఖ్యలు కావు, కాబట్టి అవి ఆ జాబితాలోకి రాకూడదంటే మన సంఖ్యని 2, 3, 5 మూడూ భాగించాలి, అంటే అది 30కి గుణిజం, కనీసం 60. కానీ 60 కింద 49 ఉంది, దాన్ని ఆపాలంటే 7 కూడా భాగించాలి, దాంతో కనీసం 210కి పోవాలి. 210 కింద 121, 169 ఉన్నాయి, అంటే 11, 13 కూడా కావాలి, అప్పటికి సంఖ్య 30030. దాని కిందేమో 17 వర్గం నుంచి 173 వర్గం దాకా కాచుకుని ఉన్నాయి! ఒకదాన్ని ఆపితే సంఖ్య పెరుగుతుంది, పెరిగిందంటే కింద ఇంకో వర్గం వచ్చి చేరుతుంది, ఇది ఎక్కడా ఆగదు.

ఎప్పటికీ ఆగదని గట్టిగా చెప్పడానికి రష్యన్ గణిత శాస్త్రవేత్త చెబిషెవ్ నిరూపించిన ఫలితం సరిపోతుంది: ఒక ప్రధాన సంఖ్యకీ దాని రెట్టింపుకీ మధ్య మరో ప్రధాన సంఖ్య తప్పకుండా ఉంటుంది. కాబట్టి తర్వాతి దాని వర్గం ఇప్పటిదాని వర్గానికి నాలుగు రెట్లు దాటదు. 7 దగ్గర చూస్తే 49కి నాలుగు రెట్లు 196, అప్పటికే 2, 3, 5, 7ల లబ్ధం 210, ఆ పైన ప్రతిసారీ లబ్ధం కనీసం 11 రెట్లవుతుంది, వర్గం నాలుగు రెట్లు దాటదు కాబట్టి తేడా పెరుగుతూనే పోతుంది. ఇదే చెబిషెవ్ ఫలితానికి మన రామానుజన్ 1919లో చాలా చిన్న నిరూపణ ఇచ్చారు, లెక్కలు ఇష్టమైతే అది తప్పకుండా చదవండి.