బోర్డు పాతదే, బుర్ర కొత్తది

శనివారం, పెదవాల్తేరు, విశాఖపట్నం.

ఈ కంప్యూటర్‌ను 2017లో, రైజెన్ ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చిన ఏడాదిలోనే కట్టించుకున్నాను. రైజెన్ 5 1600 ప్రాసెసర్, విడిభాగాలన్నిటినీ కలిపే బీ350 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, తెరపై బొమ్మలు గీసే 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. ఆ రోజుల్లో ఏ ఆటకూ వంక పెట్టనివ్వలేదు గానీ, ఇప్పుడు నగర వీధుల్లో కారు నడిపే ఆట ఏది వేసినా రద్దీ కూడలి రాగానే తెర క్షణంపాటు బిగుసుకుపోయి, ఆ తరువాత గబుక్కున ముందుకు దూకుతోంది. సంక్రాంతి ఖర్చులు పోగా ఈ పనికి పక్కన పెట్టగలిగినది 15,000 రూపాయలు. దానిని ఎక్కడ పెట్టాలన్న లెక్క ఇవాళ్టికి తేలింది.

తెలిసినవారందరూ గ్రాఫిక్స్ కార్డు మార్చమనే చెప్పారు. ఆ మాట నమ్మేముందు ఉదయం కేబినెట్ తెరిచి శుభ్రం చేశాను, ఎందుకంటే వేడెక్కినా యంత్రం ఇలాగే నత్తనడక నడుస్తుంది. సముద్రానికి ఇంత దగ్గరలో దుమ్ము పొడిగా ఉండదు. ఉప్పుగాలి తేమకు జిడ్డుగా మారి ఫ్యాన్ రెక్కల అంచులను పట్టుకుని ఉంటుంది. బ్లోయర్‌తో ఊదితే సగమే పోయింది, మిగిలిన సగాన్ని బ్రష్‌తో గీకి తీయవలసి వచ్చింది. వెనుక వైపు స్క్రూల తలలన్నీ తుప్పు పట్టాయి, ఒకటి తిప్పుతుంటే పొడి రాలింది. బోర్డు మీద మాత్రం చిలుము జాడ లేదు. కిటికీ పక్క నుంచి బల్లను లోపలి గోడకు జరపమని అమ్మ అప్పట్లో పోరుపెట్టడమే దీనికి కారణమై ఉంటుంది.

తరువాత తెర మూలన వినియోగపు అంకెలు కనిపించేలా పెట్టి ఆటను 1080పీలో నడిపాను. గ్రాఫిక్స్ కార్డు 60 శాతం దగ్గర తచ్చాడుతోంది; ప్రాసెసర్‌లో ఒకటి రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు) మాత్రం 100కు అంటుకుపోయి ఉన్నాయి. రిజల్యూషన్‌ను 720పీకి దించాను. గీయవలసిన పిక్సెళ్లు సగానికన్నా తగ్గినా సెకనుకు వచ్చే ఫ్రేములు (తెరపై మారే బొమ్మలు) ఇంచుమించు అక్కడే ఉండిపోయాయి. ఇక సందేహం లేదు. బాటసారులు ఎటు నడవాలో, ఏ కారు ఎక్కడ ఆగాలో లెక్కగట్టి ప్రతి ఫ్రేముకూ ఏమి గీయాలో చెప్పేది ప్రాసెసర్. ఆ చెప్పడమే ఆలస్యమైతే ఎంత ఖరీదైన కార్డయినా చేతులు కట్టుకుని నిలబడవలసిందే.

కొత్త తరానికి మొత్తంగా మారాలంటే బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్ మూడూ కొనాలి. మెమరీ తయారీదారులు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి ఆ దారి నాకు మూసుకుపోయినట్టే. అయితే నా బోర్డులో ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్4 సాకెట్‌కు ఒక మంచి గుణం ఉంది. నా బీ350 లాంటి పాత 300 శ్రేణి బోర్డులకు కూడా ఏఎమ్‌డీ 2022లో రైజెన్ 5000 ప్రాసెసర్లను అధికారికంగా అనుమతించింది. నేను ఎంచుకున్న రైజెన్ 5 5600కు కూడా నా పాతదానిలాగే 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు), 65 వాట్లే గనుక పవర్ సప్లై మార్చనక్కరలేదు. తేడా అంతా లోపలి అమరికలో ఉంది: పాతదానిలో 16 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) రెండు ముక్కలుగా చీలి ఉంటే, కొత్తదానిలో 32 ఎంబీ ఒక్కటిగా ఆరు కోర్లకూ అందుతుంది. గరిష్ఠ వేగం 3.6 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కు పెరుగుతుంది.

మధ్యాహ్నం ద్వారకానగర్ వెళ్లాను. దుకాణదారు నా మాట సగంలోనే ఆపి, "ఏటి సార్, ఇంకా బీ350తోనే నెట్టుకొస్తున్నారా? ఈ కార్డు పట్టుకెళ్లండి, సూపర్ కండిషన్" అంటూ వాడిన కార్డు ఒకటి చేతిలో పెట్టాడు.

"క్రిప్టో మైనింగ్‌లో వాడింది కాదు కదండీ?"

"అబ్బే, ఒక కుర్రోడు ఆడుకుని ఇచ్చాడండి."

ఆ కుర్రవాడు ఎంత ఆడాడో గానీ, మెమరీ చిప్పుల మీది వేడిని లాగే థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారి బోర్డు అంచున మరక కట్టింది. కార్డు తిరిగి ఇచ్చేసి ప్రాసెసర్ 9,800 రూపాయలకు, ప్రాసెసర్‌కూ దానిని చల్లబరిచే కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ 350కి తీసుకున్నాను. వచ్చేటప్పుడు ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు కొత్త బండ్లు పూజకు వరుస కట్టి ఉన్నాయి. సంచిలోని డబ్బాకు కూడా ఒక నిమ్మకాయ తొక్కిస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

పాత ప్రాసెసర్ సాకెట్‌లో ఉండగానే బయాస్ (బోర్డును నిద్ర లేపే ప్రోగ్రామ్) మార్చాలి, లేకపోతే కొత్తదానిని బోర్డు గుర్తుపట్టదు. ఆ కాసేపట్లో కరెంటు పోతే బోర్డు పని అయిపోయినట్టే గనుక, ఇన్వర్టర్ స్విచ్‌ను యూపీఎస్ వైపు తిప్పి మరీ మొదలుపెట్టాను. అసలు భయం కూలర్ దగ్గర. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్ట్ పట్టేస్తే కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా సాకెట్ లివర్ వేసి ఉండగానే ఊడి వచ్చేస్తుంది. అందుకని ముందు ఒక ఆట నడిపి పేస్ట్‌ను వేడెక్కనిచ్చి, ఆపివేసి, స్క్రూలు విప్పి, కూలర్‌ను పైకి లాగకుండా ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పాను. చివరకు అతుకు వీడి కూలర్ ఒక్కటే చేతిలోకి వచ్చింది. కొత్తదానితో ఇచ్చిన కూలర్ చిన్నది కావడంతో పాతదానినే తుడిచి మళ్లీ బిగించాను.

అదే ఆట, అదే కూడలి. సగటున సెకనుకు 45 ఉండే ఫ్రేములు 70 దాటాయి. 28కి పడిపోయేవి ఇప్పుడు 50కి దిగడం లేదు. గ్రాఫిక్స్ కార్డు 98 శాతం పని చేస్తోంది, అంటే ఇకమీదట అడ్డు అదే. ఎన్విడియా ఈ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లను (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబరుతో ఆపివేసినా భద్రతా సవరణలు 2028 అక్టోబరు వరకు ఇస్తానంది గనుక తొందరేమీ లేదు. మిగిలిన 4,850 రూపాయలు కొత్త కార్డు ఖాతాలో వేశాను. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో పాత ప్రాసెసర్‌కు చోటు లేదు, కొత్తదానికి ఉంది. ఫొటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకున్నాక విండోస్ 11కు మారే పని చూడాలి.

పాత ప్రాసెసర్‌ను దుకాణదారు అడిగిన ధరకు ఇవ్వబుద్ధి కాలేదు. గాజువాకలో చిన్నాన్న కొడుకు దగ్గర ఏ320 బోర్డు మీద నాలుగు కోర్ల రైజెన్ 3 1200 ఉంది. ఇది దానిలో సరిపోతుంది. పిన్నులు వంగకుండా కొత్తది వచ్చిన ప్లాస్టిక్ అరలోనే పెట్టాను. ఫోన్ చేస్తే, రేపు పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తానన్నాడు.